మూడేళ్ళోడిని చంకనేసుకుని బెలూం గుహల్లోకి

డిసెంబర్ సెలవల్లో మేమిద్దరం, ఏడేళ్ళ పెద్దది, మూడేళ్ళ చిన్నోడు, మా అత్తయ్య, ఐదుగురం కార్లో హైదరాబాద్ నుంచి యాగంటి, బెలూం, గండికోట తిరిగొచ్చాం. చిన్నపిల్లల్తో బెలూం వెళ్ళొచ్చా అని వచ్చాక చాలామంది అడిగారు. వెళ్ళొచ్చు, కాకపోతే స్ట్రోలర్ మాత్రం కార్లోంచి దింపకండి, మేం దింపి టికెట్ కౌంటర్ దగ్గర్నుంచే వెనక్కి తెచ్చి పెట్టుకున్నాం.

పొద్దున 5:30కి బయల్దేరాం, 44వ నంబర్ హైవే నున్నగా ఉంటుంది కాబట్టి కర్నూలు దాటేదాకా పిల్లలు లేవలేదు. నంద్యాల రోడ్డు మీదే ఓర్వకల్లు రాక్ గార్డెన్ వస్తుంది, ఓ గంట వాళ్ళని వదిలేయడానికి బాగుంది, అంతకంటే ఎక్కువసేపు అక్కర్లేదు. అక్కణ్ణుంచి యాగంటి గుడి. అక్కడి రాతి నంది బసవన్న పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళని, ఇప్పుడు స్తంభం అడ్డొచ్చిందని అత్తయ్య చెప్తుంటే పెద్దది "మరి గుడి కూడా పెంచాలి కదా నానమ్మా" అంది. అగస్త్యుడి శాపం వల్ల యాగంటిలో కాకులుండవంటారు కదా, కాకి కనిపిస్తే చెప్పవే అన్నందుకు ఆ పిల్ల గంటసేపు తల పైకెత్తి వెతుకుతూనే ఉంది, మాకు ఫోటోలకి, దర్శనానికి టైమ్ దొరికింది. కోనేటి నీళ్ళు చల్లగా ఉన్నాయి. పైన కొండ గుహలకి మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, చిన్నోడితో సగంలోనే దిగొచ్చేశాం. రాత్రికి బనగానపల్లెలో చిన్న లాడ్జి, టీవీ లేదు, బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు, దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, నాకు అది చాలు.

రెండోరోజు పొద్దున్నే అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలూం. దారి పొడుగునా ఇళ్ళ గోడలు, పొలం గట్లు కూడా నాపరాళ్ళే, నేలలో ఎక్కడ తవ్వినా సున్నపురాయే కాబట్టి గుహలు కూడా అందులోంచే పుట్టాయి, నీళ్ళు పారి పారి రాయిని కరిగించేశాయన్నమాట. గుహ అంటే కొండలో ఉంటుందనుకుంటాం, ఇక్కడ కొండే లేదు, చదును పొలాల కింద ఉంది, బావిలోకి దిగినట్టు మెట్లు దిగాలి. బిలం అన్న మాటే బెలూం అయిందంటారు, పైన నుంచుని చూస్తే నిజమే అనిపించింది. మొత్తం 3,229 మీటర్లట, మనకి తెరిచింది కిలోమీటరున్నర దాకా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాసిపెడితే, 1982, 83ల్లో జర్మన్ల టీమ్ వచ్చి కొలిచింది, టూరిజం వాళ్ళు లైట్లు పెట్టి జనానికి తెరిచింది 2002లో.

బొర్రా చూసినవాళ్ళు అదే ఊహించుకుని రాకండి. బొర్రా పెద్ద హాలు లాగా ఉంటుంది, ఇది సందులు సందులుగా ఉంటుంది. డిసెంబర్లో కూడా లోపల ఉక్కపోత, గాలి పంపే ఏర్పాటున్నా పది నిమిషాల్లో చొక్కాలు తడిసిపోయాయి, చిన్నోడికి బయట వేసిన స్వెటర్ లోపల విప్పి నడుముకి కట్టుకున్నా. తలుపు తీసే టైముకే, అంటే పదింటికి దిగడం మంచిదైంది, మేం పైకొచ్చేసరికి స్కూల్ బస్సులు రెండొచ్చాయి. అత్తయ్య మోకాళ్ళ వల్ల దిగలేదు, పైనే చెట్టు కింద బుద్ధుడి విగ్రహం చూస్తూ కూచున్నారు.

గైడ్‌ని పెట్టుకోండి. లేకపోతే అది సింహం తల అని, ఇవి కోటిలింగాలని, ఇది ఊడలమర్రి అని మనకి తెలీదు, అన్నీ రాళ్ళే. సప్తస్వరాల గుహలో ఆయన రాతిని కొడితే గంట మోగినట్టు మోగింది, పెద్దది ఇంకోసారి ఇంకోసారి అని ప్రాణం తీసింది. అన్నిటికంటే కింద పాతాళగంగ, నేల నుంచి 46 మీటర్ల లోతు, అక్కడికి దిగేటప్పుడు తడి మెట్లు, మా ఆయన సందేహిస్తుంటే గైడ్ "ఏం కాదులే సార్, బిడ్డను ఇట్లియ్యండి" అని చిన్నోణ్ణి భుజమ్మీదేసుకుని చకచకా దిగిపోయాడు. అడిగిన దానికంటే వంద ఎక్కువే ఇచ్చాం ఆయనకి.

గండికోట సాయంత్రం. పెన్నా లోయ అంచున నుంచుంటే గొప్పగానే ఉంటుంది, కానీ మూడేళ్ళోడు చేతిలోంచి జారిపోతుంటే ఆ అంచు దగ్గర అందం ఎవడు చూస్తాడు, నేనైతే వాడి చొక్కా కాలర్ పట్టుకునే సూర్యాస్తమయం చూశాను. జుమ్మా మసీదు, ధాన్యాగారం దగ్గర మాత్రం హాయిగా పరిగెత్తారు. పిల్లలింకా చిన్నోళ్ళైతే లోయ వదిలేసి కోట లోపలే తిరగండి.

రాత్రికి జమ్మలమడుగులో దిగిన లాడ్జి మాత్రం వద్దు బాబోయ్, ఫోన్లో ఒక రేటు, రిసెప్షన్లో ఒక రేటు, మూడేళ్ళోడికి కూడా ఎక్స్‌ట్రా బెడ్ అని వేశారు, ఆ బెడ్ రానే లేదు, గీజర్ పనిచెయ్యదు. పొద్దున బస్టాండ్ దగ్గర బండి మీద ఉగ్గాని బజ్జీ తినేసరికి ఆ కోపం కాస్త తగ్గింది, చిన్నోడు కూడా మిరపకాయ తీసేసిన బజ్జీ రెండు తిన్నాడు, పెద్దది మాత్రం అక్కడ కూడా చెట్టు మీదికి చూసి "అమ్మా, కాకి" అని అరిచింది.