పదకొండేళ్లుగా తిప్పుతున్న మా కండెల రాట్నం

మాది కోనసీమలో బండారులంక దగ్గర నేత కుటుంబం. మగ్గం మీద మా ఆయన, కండెలు (నేతకి నూలు చుట్టుకునే చిన్న గొట్టాలు) చుట్టే రాట్నం దగ్గర నేను. ఈ రాట్నం 2014లో పక్క ఊరి వడ్రంగి గారి దగ్గర చేయించుకున్నాం. 2,800 రూపాయలు తీసుకున్నారు. మా అత్తయ్యగారి పాత రాట్నం ఆ వడ్రంగి గారి నాన్నగారి చేతి పనే.

చక్రం టేకు, కింద పీట వేపచెక్క. ఎక్కడా ఇనప మేకు లేదు, అన్నీ వెదురు చీలలే. ఎందుకండీ అని అడిగితే, "సముద్రం దగ్గర కదమ్మా మనది. ఉప్పుగాలికి మేకు తుప్పెక్కి చెక్కని చీల్చేస్తుంది" అన్నారు ఆ వడ్రంగి పెద్దాయన. చీల వదులైతే కొత్తది చెక్కి దిగ్గొట్టడం నేనే నేర్చుకున్నాను.

మేం ఎక్కువగా వాడేది 80 నంబరు నూలు. అంటే పౌనుకి 80 చిలపలు (నూలు కట్టలు), చిలపకి 840 గజాలు. అంత సన్నం పోగు కాస్త గట్టిగా లాగితే పుటుక్కుమంటుంది. చక్రం రెండడుగులు, కదురు (కండె తొడిగే సన్నని కడ్డీ) మీద తాడు కూర్చునే చోటు అరంగుళం. ఒక్క చుట్టు తిప్పితే కదురు 40 చుట్లకు పైనే తిరుగుతుంది. అయినా పోగు బిగుసుకుంటుంటే ఎడమచేతి వేళ్లకి ముందే తెలిసిపోతుంది, కుడిచెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. ఈ సుఖం మోటారు రాట్నంలో నాకు దొరకలేదు. పక్కింట్లో ఆరు నెలలు దాని మీద చుట్టాను. కండెలు దాదాపు రెట్టింపు వచ్చేవి, నిజమే. కానీ పోగు తెగాక మోటారు ఆగేలోపు కొస కండెలో దూరిపోయేది. దాన్ని వెతుక్కోవడం పెద్ద టెన్షన్. మందం నూలు చుట్టేవాళ్లకి మాత్రం మోటారే మంచిది.

లోపాలు లేవని కాదు. మొదటి వేసవిలోనే చక్రం ఆకులు (నడుమ నుంచి అంచుకి వెళ్లే పుల్లలు) వదులై టకటకలాడింది. చెక్క పూర్తిగా ఆరకముందే చేసినట్టున్నారు. కబురు పెడితే వచ్చి బిగించి వెళ్లారు, డబ్బు తీసుకోలేదు. కదురు ఆనే తోలుముక్కలు ఏడాదికోసారి మార్చాలి, పూటకో చుక్క కొబ్బరినూనె పడాలి.

పిడి మరీ సన్నంగా ఉండేది. రెండేళ్లకి నా అరచేతిలో కాయ కాసింది. అది చూసి పెద్దాయన కొడుకు నా పిడికిలి చుట్టూ నూలు పోగు చుట్టి కొలత తీసుకెళ్లారు. వారంలో చింతచెక్కతో కొత్త పిడి చేసి తెచ్చారు. ఇప్పుడది నున్నగా తేలి, నా బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం పడింది.

పెద్దాయన పోయారు. చాలా ఇళ్లలో పాత సైకిల్ రిమ్ముతో రాట్నం కట్టేసుకుంటున్నారు, అందుకని కొడుకు ఇప్పుడు ఎక్కువగా తలుపులు, మంచాలే చేస్తున్నారు. ఆ చేతులు ఈ పని మర్చిపోతాయేమోనని నాకు బాధగా ఉంటుంది. అడిగితే ఇప్పటికీ చేస్తారు, నెల పడుతుంది.

మీ దగ్గర్లో ఇలాంటి పనివాళ్లుంటే తప్పకుండా చేయించుకోండి. చెక్క ఎన్నాళ్లు ఆరిందో ముందే అడగండి. మీరు కూర్చునే పీట కూడా పట్టుకెళ్లండి, కదురు ఎత్తు దాన్ని బట్టే పెడతారు. నేను పట్టుకెళ్లలేదు. నడుం నొప్పి వచ్చాక రాట్నం కింద రెండు ఇటుకలు పెట్టుకున్నాను.