యారొగెంట్ అనాలా, హాటీ (haughty) అనాలా?

ఇంగ్లీషులో పొగరుకి ఈ రెండు మాటల్నీ చాలామంది ఒకటే అనుకుని వాడేస్తుంటారు, కానీ తేడా బానే ఉంది. యారొగెంట్ మూలం లాటిన్‌లో ఉంది, ఏదైనా తనకే చెందుతుందని క్లెయిమ్ చేసుకోవడం అని దాని అర్థం, అందుకే మీటింగ్‌లో ఎదుటోళ్ల మాట పూర్తిగా వినకుండా నాకే అన్నీ తెలుసని అడ్డం పడే మనిషికి ఈ మాట కరెక్ట్‌గా సరిపోద్ది. హాటీ అలా కాదు. అది ఫ్రెంచ్‌లో ఎత్తు అనే మాట నుంచి వచ్చింది, పైనుంచి కిందకి చూసే చూపు అన్నమాట, నోరు కూడా విప్పక్కర్లేదు, పలకరిస్తే ముఖం తిప్పుకుంటే చాలు. నాకైతే ఇదే ఎక్కువ బాధ అనిపిస్తుంది, తిరిగి వాదించడానికి కూడా ఏమీ ఉండదు కదా.

1611 కింగ్ జేమ్స్ బైబిల్ సామెతల్లో నాశనానికి ముందు ప్రైడ్, పడిపోవడానికి ముందు హాటీ స్పిరిట్ అని ఉంటుంది, జనం మధ్యలో ముక్క వదిలేసి ప్రైడ్ వస్తే పడిపోతారని చెప్తుంటారు. ప్రౌడ్‌కి చెడ్డ అర్థం ఉన్నా మంచిదీ ఉంది, పిల్లలు బాగా చదివితే అయామ్ ప్రౌడ్ ఆఫ్ యూ అంటాం, యారొగెంట్, హాటీ రెండిటికీ ఆ ఛాన్స్ లేదు. మామూలు మాటల్లో యారొగెంటే వాడండి, హాటీ ఇప్పుడు ఎక్కువగా నవలల్లోనే కనిపిస్తుంది.