సుల్తాన్ బజార్ టైలర్ కుట్టిన 1953 నాటి స్కర్ట్

1953 నాటి హాలీవుడ్ సినిమా ‘రోమన్ హాలిడే’లో హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్ వేసుకున్న బట్టలంటే నాకు ప్రాణం. మడిచిన చేతుల తెల్ల షర్టు, మెడకో స్కార్ఫు, సన్నటి నడుముకు వెడల్పు బెల్టు, కింద నిండైన స్కర్ట్. ఆ దుస్తులకు కాస్ట్యూమ్ డిజైనర్ ఈడిత్ హెడ్‌కు ఆస్కార్ వచ్చింది. ఈడిత్‌కు మొత్తం 8 ఆస్కార్లు వచ్చాయి. మా తోడికోడలి పుట్టినరోజుకు అలాంటిదే వేసుకోవాలని సుల్తాన్ బజార్ సందులో ఓ చిన్న టైలర్ షాపుకెళ్లాను.

ఫోన్‌లో ఫొటో చూసి మాస్టర్ అడిగిన మొదటి మాట, “రంగేంటమ్మా?” నలుపు తెలుపు సినిమా కదా! లేత ఆకుపచ్చ కాటన్ తీసుకున్నాం.

అంబ్రెల్లా కట్, అంటే గుడ్డను పూర్తి వృత్తంలా కత్తిరించే స్కర్ట్, ఆయన కత్తిరిస్తుంటే దగ్గరుండి చూశాను. నా నడుము 30 అంగుళాలు. దాన్ని 6.28తో (రెండు పైలు) భాగించి, నడుము వృత్తానికి వ్యాసార్థంగా వచ్చిన సుమారు 4.8 అంగుళాల దగ్గర సుద్దతో గీత గీశారు. కుట్టాక అంచు వెంటనే మడవలేదు. రాత్రంతా హ్యాంగర్‌కు వేలాడదీశారు. క్రాస్‌లో (నేత దారాలకు ఏటవాలుగా) పడ్డ గుడ్డ సాగుతుందట, సాగాక సమం చేస్తేనే అంచు ఎగుడుదిగుడు రాదట. ఈ ఓపిక రెడీమేడ్‌లో ఎక్కడ దొరుకుతుంది!

చెప్పిన రోజుకు మూడు రోజులు ఆలస్యమైంది, టెన్షన్ పడ్డాను. జిప్పు కూడా వంకరగా వచ్చింది. చూపిస్తే మారుమాట లేకుండా విప్పి మళ్లీ కుట్టారు. వేసుకుని ఒక్కసారి తిరిగితే స్కర్ట్ గొడుగులా విచ్చుకుంది. మీరూ కుట్టించుకోవాలంటే, ఫంక్షన్‌కు పది రోజుల ముందే గుడ్డ ఇవ్వండి. వచ్చే నెల నేను మా అమ్మాయిని తీసుకెళ్తున్నాను.