హైస్కూల్ నుంచి నేరుగానా, కాలేజీ మీదుగానా? బేస్‌బాల్ హిట్టర్ (బ్యాటర్) ఎదగడానికి ఏ దారి మేలు?

మైక్ ట్రౌట్, ఆరన్ జడ్జ్ మధ్య వయసు తేడా ఎనిమిది నెలలే. ఇద్దరూ ఈ తరం మేటి హిట్టర్లే. కానీ అమెరికాలో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో తొలి ఆట ఆడేనాటికి ట్రౌట్‌కు 19 ఏళ్లు, జడ్జ్‌కు 24. ఆ ఐదేళ్లలో ఎవరు ఏం నేర్చుకున్నారన్నదే అసలు లెక్క.

2009 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) ఏంజెల్స్ జట్టు ట్రౌట్‌ను 25వ ఎంపికగా తీసుకుంది. అతను ఈస్ట్ కరోలైనా యూనివర్సిటీని వదులుకుని 12.15 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. జడ్జ్‌నూ 2010లో ఓక్లాండ్ పిలిచింది, అదీ 31వ రౌండులో. అతను కాదని ఫ్రెస్నో స్టేట్‌లో చేరాడు. మూడేళ్ల తర్వాత యాంకీస్ మొదటి రౌండులోనే, 32వ ఎంపికగా తీసుకుని 18 లక్షల డాలర్లిచ్చింది. ఇప్పుడు డ్రాఫ్టే 20 రౌండ్లు కాబట్టి 31వ రౌండు పిలుపు అనేదే లేదు.

నేరుగా వెళితే దక్కే పెద్ద లాభం రోజూ ఆట, అదీ చెక్క బ్యాట్‌తో. మేజర్ లీగ్‌కు దిగువ స్థాయి అయిన మైనర్ లీగ్ సీజన్‌లో 130కి పైగా ఆటలుంటాయి. కాలేజీలో రెగ్యులర్ సీజన్ 56కు మించదు, పైగా బ్యాట్ లోహానిది. బీబీకోర్ అనే లోహపు బ్యాట్ల ప్రమాణం బంతి ఎగిరే వేగానికి కళ్లెం వేసినా, చేతుల దగ్గర తగిలిన బంతి కూడా ఇన్‌ఫీల్డ్ (మైదానం లోపలి భాగం) దాటి పడుతుంది. చెక్క బ్యాటైతే అక్కడ విరుగుతుంది. అంటే పొడుగు స్వింగ్‌లోని లోపం కాలేజీలో కనబడకుండా పోతుంది. దానికి విరుగుడు చెక్క బ్యాట్‌తో ఆడే వేసవి లీగులు. జడ్జ్ 2012 వేసవిలో కేప్ కాడ్ లీగ్‌లో ఆడాడు.

మరి కాలేజీ ఎవరికి? పొడగరులకు. జడ్జ్ ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి ప్లేట్ (బ్యాటర్ ముందున్న పలక) చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. స్వింగ్‌కే 0.15 సెకన్లు పోతే, చూసి తేల్చుకోవడానికి మిగిలేది పావు సెకను. చేతులు పొడుగైతే బ్యాట్ తిరిగే దారీ పొడుగే. అందుకని నిర్ణయం ముందుగా తీసుకోవాలి, తీసుకుంటే బయటికి, కిందికి జారే స్లైడర్‌కు దొరికిపోతాడు. ఎత్తును బట్టి స్ట్రైక్ జోన్ (బ్యాటర్ కొట్టాల్సిన బంతుల పరిధి) కూడా పెద్దదే. ఇలాంటి ఒంటికి స్వింగ్ కుదరడానికి ఏళ్లు పడుతుంది.

తొలిసారి ఇద్దరూ తడబడ్డారు. 2011లో ట్రౌట్ 123 ఎట్-బ్యాట్లలో (బ్యాటింగ్ వంతుల్లో) 0.220 సగటు (హిట్ల వాటా), 2016లో జడ్జ్ 84 ఎట్-బ్యాట్లలో 0.179 సగటు, 42 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో అవుట్ కావడం). ఇద్దరూ 130 ఎట్-బ్యాట్ల గీత దాటలేదు కాబట్టి మరుసటి ఏడాది కూడా రూకీలుగానే (కొత్త ఆటగాళ్లుగానే) లెక్క. ట్రౌట్ 2012లో 0.326 సగటు, 30 హోమ్ రన్లు కొట్టాడు. జడ్జ్ 2017లో 52 హోమ్ రన్లు కొట్టినా 208 సార్లు స్ట్రైకవుట్ అయ్యాడు. 2024 నాటికి హోమ్ రన్లు 58, స్ట్రైకవుట్లు 171.

అలాగని ట్రౌట్ పూర్తిగా తయారై వచ్చాడనుకోవద్దు. ఎత్తుగా వచ్చే ఫాస్ట్‌బాల్ దగ్గర అతనికి బలహీనత ఉందని 2014లో పిచర్లు పట్టేశారు. ఆ ఏడు 184 స్ట్రైకవుట్లు, ప్లేఆఫ్స్‌లో 12 ఎట్-బ్యాట్లకు ఒకే హిట్. మరుసటి ఏడు స్ట్రైకవుట్లు 158కి దిగాయి, హోమ్ రన్లు 36 నుంచి 41కి పెరిగాయి.

కాలేజీ దారికి వయసు రూపంలో మూల్యం కట్టాలి. ఫ్రీ ఏజెంట్ (నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోగల ఆటగాడు) కావడానికి మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు కావాలి. జడ్జ్ ఆ గీత దాటేసరికి 30 ఏళ్లు. అతనికి 9 ఏళ్లకు 36 కోట్ల డాలర్ల ఒప్పందం దొరికిందంటే, దానికి ముందు 62 హోమ్ రన్ల సీజన్ ఉంది. అది అందరికీ జరిగే పని కాదు. ట్రౌట్ 22 ఏళ్లకే ఆరేళ్లకు 14.45 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు.

కాబట్టి స్ట్రైక్ జోన్‌లోని బంతికి బ్యాట్ అరుదుగా తప్పే కుర్రాడికి మొదటి రౌండు పిలుపు వస్తే నేరుగా వెళ్లడమే మేలు. జోన్‌లోని బంతులకే బ్యాట్ తప్పుతోందంటే కాలేజీయే, వేసవుల్లో చెక్క బ్యాట్‌తో. అమెరికాలో పిల్లల్ని ఆడిస్తున్న మనవాళ్లు చేరేముందు ఒక నిబంధన చూసుకోవాలి: నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడేళ్లు పూర్తయ్యేదాకా లేదా 21 ఏళ్లు నిండేదాకా డ్రాఫ్ట్ ఉండదు. జూనియర్ కాలేజీకి ఆ అడ్డు లేదు.