మైకోరైజా పొడి: ఏడేళ్ల వాడకం, అందులో రెండేళ్లు దండగ

మాది అనంతపురం జిల్లాలో గులక కలిసిన ఎర్ర నేల. టమాటా, మిరప వేస్తాం, ఒక పక్క చీనీ (బత్తాయి) తోట ఉంది. మైకోరైజా అంటే మొక్క వేళ్లలో చేరి, దానికి మట్టిలోని భాస్వరం అందించే శిలీంధ్రం. ఆ శిలీంధ్రం ఉన్న పొడిని దుకాణాల్లో వ్యామ్ (వీఏఎం) అనే అడుగుతారు, నేనూ అలాగే అడిగి కొన్నాను. ఏ కంపెనీదో రాయను. ఇప్పటికి నాలుగు రకాలు మార్చాను. ఏ సంచి కొన్నామన్న దానికన్నా ఎక్కడ వేశామన్నదే ఎక్కువ తేడా తెచ్చింది.

మొదటి రెండేళ్ల ఖర్చు నా తెలివితక్కువతనానికి కట్టిన సుంకం. ఎకరానికి నాలుగు కిలోలు పశువుల ఎరువులో కలిపి, వాన పడగానే చేనంతా చల్లాను. అదే దుక్కిలో భాస్వరం ఎరువైన డీఏపీ కూడా రెండు బస్తాలు పడింది. పంటలో వీసమెత్తు తేడా కనిపించలేదు. ఈ శిలీంధ్రం బతికి ఉన్న వేరులోకి చేరితేనే పెరుగుతుంది, విడిగా మట్టిలో పెరగలేదు. చేను మీద వెదజల్లిన పొడిని వేరు దాకా ఎవరు మోస్తారు? పైగా మొక్క దీన్ని ఊరికే పోషించదు. ఆకుల్లో తయారైన ఆహారంలో కొంత వాటా ఇవ్వాలి. పక్కనే డీఏపీ కుప్పగా పడి ఉంటే, కూలి ఇచ్చి భాస్వరం మోయించుకోవలసిన ఖర్మ మొక్కకు ఏముంది?

భాస్వరం సంగతే వేరు. నత్రజనిలా నీటి వెంట పరుగెత్తదు, పడిన చోటే మట్టికి అంటుకుని కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా తినేశాక, ఆ పైన ఎంత ఉన్నా అందదు. శిలీంధ్రపు పోగులు వేరు నూగు కన్నా ఎంతో సన్నం. అవి ఆ ఖాళీ మేరను దాటి సెంటీమీటర్ల దూరం వెళ్లి భాస్వరాన్నీ జింకునూ పట్టుకొస్తాయి.

మూడో ఏడు పొడిని చేనులోంచి నారు ట్రేల్లోకి మార్చాను. 98 గుంటల ట్రేలు రెండు తీసుకుని, ఒకదానిలో కోకోపీట్‌తో (కొబ్బరి పీచు పొట్టు) పాటు ప్రతి గుంటలో చిటికెడు పొడి వేశాను, రెండోది మామూలుగా వదిలేశాను. ఇరవై రోజులైనా రెండూ ఒకేలా ఉన్నాయి. నిజం చెప్పాలంటే పొడి వేసిన నారే కాస్త పొట్టిగా ఉంది. మా ఆవిడ నవ్వింది కూడా. తేడా నాటిన తర్వాత తెలిసింది. ఆ వారం ఎండ దంచేసింది. మామూలు ట్రే నారులో ఇరవైమూడు మొక్కలు చచ్చిపోయాయి, పొడి వేసిన దానిలో ఎనిమిది. మిగిలినవి కూడా మధ్యాహ్నం తల వేలాడేసినా సాయంత్రానికి నిలబడ్డాయి. మొదటి కోతకు వచ్చేసరికి ఆ చాళ్లకు భాస్వరం ఎరువు సూపర్ ఫాస్ఫేట్ సగమే వేశాను, కాయ తగ్గలేదు.

అయినా నమ్మకం చిక్కలేదు. డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే బంధువు ఉంటే, రెండు మొక్కల పీచు వేళ్లు తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్లాను. క్షారంలో ఉడికించి రంగు తీసేసి, వెనిగర్‌లో కలిపిన నీలం సిరాలో నానబెట్టాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే వేరు గాజు గొట్టంలా తెల్లబడి, దాని కణాల మధ్యగా నీలం దారాలు పోతున్నాయి. ఒక్కో కణంలోకి దూరిన దారం చిన్న చెట్టులా కొమ్మలు వేసింది. మొక్కకూ బూజుకూ ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది అక్కడేనట. మామూలు ట్రే మొక్కలోనూ దారాలు ఉన్నాయి, కాకపోతే పలచగా. అంటే మా నేలలో ఇవి ముందు నుంచీ ఉన్నాయి! నేను డబ్బు పెట్టి కొన్నది కొత్త వస్తువు కాదు, కాస్త తొందర మాత్రమే.

ఈ పరీక్షే తర్వాత ఒక మోసం నుంచి కాపాడింది. ఒకసారి మే నెలలో కొన్న సంచి రేకుల షెడ్డులో ఎన్నాళ్లు మగ్గిందో తెలియదు. కుండీలో మరిగించి చల్లార్చిన ఇసుక పోసి, ఆ పొడి వేసి మొక్కజొన్న పెట్టాను. ఆరు వారాల తర్వాత వేళ్లు చూస్తే ఒక్క నీలం దారం లేదు. దుకాణంలో అడిగితే తేదీ దాటలేదు కదా అన్నారు. అప్పటి నుంచి నేనే తయారు చేసుకుంటున్నాను. గుంత తవ్వి, అడుగున నల్ల పట్టా పరిచి, ఇసుక మట్టి నింపి, మంచి పొడి కొంచెం వేసి మొక్కజొన్న విత్తుతాను. రెండు నెలలయ్యాక పైరు కోసి, నీళ్లు ఆపి ఎండనిస్తాను. ఆ వేర్ల ముక్కలూ మట్టీ కలిపిందే నా పొడి.

ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు ఈ శిలీంధ్రాన్ని వేళ్లలోకి రానివ్వవు. తోటకూర, పాలకూర కూడా అంతే. క్యాబేజీ నారుకు ఒక ఏడాది వేసి నవ్వులపాలయ్యాను. ముదురు చీనీ చెట్లకు పాదుల్లో వేసినా తేడా లేదు, వాటి వేళ్లు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. చీనీ మొలకలకు మాత్రం తప్పకుండా వేస్తాను. అమెరికాలో నిమ్మ జాతి నర్సరీల మట్టిని విషవాయువుతో శుద్ధి చేశాక మొక్కలు గిడసబారాయి. ఆ శుద్ధిలో ఈ శిలీంధ్రం చచ్చిపోవడమే కారణమని 1972లో అక్కడి పరిశోధకులు తేల్చారు. నారు కుళ్లుకని శిలీంధ్రాలను చంపే మందు కార్బెండజిమ్ పోసే అలవాటు ఉన్నవాళ్లు పొడి కొనకపోవడమే మంచిది.

సంచి మీద 'సర్వరోగ నివారిణి' అన్న ధోరణిలో రాసేదాన్ని పట్టించుకోకండి. వేరు కుళ్లు మా చాళ్లలో తగ్గినట్టే అనిపించింది. వేళ్ల మీద నులిపురుగు బుడిపెలు వస్తూనే ఉన్నాయి. తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ దీన్ని లెక్క చేయలేదు. ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తాను, అదీ నారు దశలో వాడితేనే.

ఇప్పుడు రెండేళ్లకోసారి కిలో పొడి తోడుకు మాత్రమే కొంటాను. మట్టిని చిలికి పొడి చేసే రోటవేటర్ దున్నకం ఏడాదికి ఒక్కసారికి తగ్గించాను, ఎందుకంటే అది తిరిగిన ప్రతిసారీ మట్టిలోని ఆ పోగులన్నీ తెగిపోతాయి. ఈసారి క్యాబేజీ తీసిన మడిలోనే మిరప పెట్టాల్సి వచ్చింది. శిలీంధ్రం కోలుకోవడానికి మధ్యలో నలభై రోజులు అలసంద చల్లి ఉంచాను. నారు మొన్న గురువారం నాటాం, ఇంకా తలలు వాల్చే ఉన్నాయి.