గ్యారేజీలో మీ కుండీలు చూసుకుంటామంటే నమ్మకండి, నేను నమ్మి నష్టపోయాను

చలికాలం మన మొక్కల కుండీలు తమ గ్యారేజీలో పెట్టి చూసుకుంటామని డబ్బులు తీసుకునే ఆయన మీలో చాలామందికి తెలిసే ఉంటారు. పేరు రాయను. పొద్దున్నే వెళ్లి నా మొక్కలు తెచ్చేసుకున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, కాబట్టి రాత కాస్త అటూ ఇటూగా ఉంటే ఏమీ అనుకోకండి.

మల్లె, మందార, నిమ్మ, అంజూర, మొత్తం నాలుగు కుండీలు. మా ఇంట్లో ఎండ పడే కిటికీ లేదు, అందుకే ఇచ్చాను. లైటు, హీటరు ఉంటాయి, పది డిగ్రీల కంటే తగ్గనివ్వం, వారానికో ఫొటో పంపిస్తాం అన్నారు. సీజను మొత్తానికి డబ్బు ముందే కట్టించుకున్నారు.

ఫొటోలు వారం తప్పకుండా వచ్చాయి. నిన్న రాత్రి చలి మరీ ఎక్కువై, టెన్షన్‌తో నిద్రపట్టక ఆ ఫొటోలన్నీ వరసగా చూశాను. మల్లెకి ఎడమవైపు కొమ్మ మీద ఒక పసుపు ఆకు ఉంది. ఆరు ఫొటోల్లోనూ అదే ఆకు, అదే వంపు. అంతగా పండిన ఆకు ఆరు వారాలు రాలకుండా ఉంటుందా? మొదటి రోజే అన్నీ తీసి పెట్టుకుని వారానికొకటి పంపారు. ఇన్నాళ్లూ ఆ ఆకు నా కంటికి ఎందుకు ఆనలేదో అని నా మీద నాకే కోపంగా ఉంది.

చెప్పకుండా వెళ్లాను. షట్టరు సగం ఎత్తి ఉంది. లైటు లేదు. హీటరు ఉంది కానీ ప్లగ్గు పెట్టలేదు. నా కుండీలు షట్టరు పక్కనే, వట్టి సిమెంటు నేల మీద ఉన్నాయి. మట్టిలో వేలు పెట్టబోతే రాయిలా తగిలింది. మందార ఆకులు నల్లబడి, ముట్టుకుంటే మెత్తగా నలిగిపోయాయి.

"చలికాలం మొక్కలు నిద్రపోతాయి మేడమ్, ఇది మామూలే" అన్నారు ఆయన. అంజూర విషయంలో అది నిజమే. అది ఆకులు రాల్చేసి, సున్నాకి కాస్త పైనుండే చలిలో, చీకట్లో కూడా ఉండగలదు, మట్టి పూర్తిగా ఎండకుండా అప్పుడప్పుడు కాసిన్ని నీళ్లు చాలు. మల్లె, మందార, నిమ్మ అలాంటివి కావు. వాటికి వెలుతురూ కావాలి, వెచ్చదనమూ కావాలి. పైగా నేలలో ఉన్న వేళ్లని చుట్టూ మట్టి కాపాడుతుంది, కుండీలో వేళ్లకి అన్ని వైపుల నుంచీ చలే. ఈ పని చేస్తూ డబ్బు తీసుకునే మనిషికి ఇది నేను చెప్పాలా?

ఫొటోల సంగతి అడిగాను. కనీసం తడబడతారనుకున్నాను. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఫొటో పంపమన్నారు, పంపాం. ఏ రోజు తీసింది పంపాలో మీరు చెప్పలేదు కదా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. డబ్బు తిరిగి ఇవ్వరట. "చచ్చిపోతే వసంతంలో కొత్తవి కొనుక్కోండి" అని కూడా అన్నారు. ఎనిమిదేళ్లు, చిన్న కొమ్మ నుంచి పెంచిన మల్లె అది.

ఇంటికొచ్చి గోరుతో బెరడు గీకి చూశాను. అంజూర లోపల పచ్చగానే ఉంది. మందార అంతా గోధుమరంగే. నిమ్మకి అంటు కట్టిన చోటు కింద మాత్రమే పచ్చ కనిపించింది, అంటే చిగురేసినా వచ్చేది అంటు కట్టడానికి అడుగున వాడిన వేరే మొక్కే, నా నిమ్మ కాదు.

ఎవరికైనా ఇవ్వాల్సే వస్తే ఆ రోజు తేదీ రాసిన చీటీ కుండీలో పెట్టి ఫొటో తీయమనండి, చెప్పకుండా ఒకసారి వెళ్లి చూడండి. సొంత గ్యారేజీ అయితే కుండీలు షట్టరుకి దూరంగా, చెక్క మీదో థర్మోకోల్ మీదో పెట్టి, అత్యల్ప ఉష్ణోగ్రత గుర్తుంచుకునే థర్మామీటరు ఒకటి పక్కన పెట్టుకోండి.

మల్లె కాండం మొదలు దగ్గర ఒక వేలెడు మేర పచ్చగా ఉంది. ఒక్కసారిగా వేడి తగలకూడదని, హీటరు పక్కన కాకుండా చల్లటి గదిలో, లైటు కింద పెట్టాను. ఎండిన కొమ్మలు ఇప్పుడే కత్తిరించను, వసంతం దాకా చూస్తాను.