మళ్లీ నింపకూడని బాటిల్, మళ్లీ మళ్లీ నింపే సీసా: ఏది మేలు?

కూల్‌డ్రింక్ తాగేశాక ఖాళీ బాటిల్ పారేయడానికి మనసొప్పదు. గట్టిగానే ఉంది, మూత బిగుతుగానే పడుతోంది, కడిగి నీళ్లు పట్టుకుంటే సరిపోతుందిగా అనిపిస్తుంది. తీరా చూస్తే లేబుల్ మీదో, అడుగునో 'మళ్లీ నింపరాదు' అని ఉంటుంది. ఇక టెన్షన్ మొదలు. ఇందులో విషం ఏమైనా ఉందా?

విషం గొడవ కాదది. ఈ బాటిల్ ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లి, అక్కడ కడిగించుకుని, మళ్లీ నిండి వచ్చే రకం కాదని దాని అర్థం. దాని ఒళ్లు అందుకు తయారైంది కాదు.

ముందు గాజు సంగతి చూద్దాం. రెండు రకాల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా ఇట్టే తెలిసిపోతుంది. తిరిగి వెళ్లే సీసా బరువుగా, మందంగా ఉంటుంది. పాతదైతే భుజం దగ్గరా, అడుగు దగ్గరా చుట్టూ తెల్లటి గరుకు పట్టీ కనిపిస్తుంది. చాలామంది మురికి అనుకుంటారు. పక్క సీసాలతో ఒరుసుకుని ఒరుసుకుని పడిన గుర్తు అది. వెళ్లిన ప్రతిసారీ వేడి కాస్టిక్ సోడా నీళ్లలో నాని, కడిగించుకుని, పగుళ్లున్నాయేమోనన్న పరీక్ష కూడా దాటి మళ్లీ నిండుతుంది. 20 సార్లకు పైగా తిరిగే సీసాలు మామూలే. ఒకసారికే చేసిన సీసా గాజు పల్చన. దానికి అలాంటి గీతలు పడి, పైగా లోపల గ్యాస్ ఒత్తిడి తోడైతే చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది. అందుకే ఆ ముద్ర.

ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ బాటిల్‌కి ఇబ్బంది వేరు. అది పెట్ అనే ప్లాస్టిక్. 70, 80 డిగ్రీల వేడికే మెత్తబడి ముడుచుకుపోతుంది కాబట్టి గాజును కడిగినట్టు దాన్ని కడగలేరు. వాసనలు కూడా పీల్చుకుంటుంది. మళ్లీ నింపే పెట్ బాటిళ్లు లేకపోలేదు. అవి మందంగా ఉంటాయి, ఖాళీగా తిరిగొచ్చాక లోపలి వాసన పసిగట్టే యంత్రం దాటాకే నిండుతాయి.

మద్యం సీసాల మీది ముద్రకు కారణం ఇంకొకటి, కల్తీ. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక, పాత సీసాల్లో దొంగసారా నింపి అమ్మకుండా ఉండాలని, ఈ సీసా మళ్లీ వాడటం ఫెడరల్ చట్టరీత్యా నిషేధం అన్న మాటలు గాజులోనే పోత పోయించారు. 1964 వరకు ఆ నియమం నడిచింది. ఇప్పుడు కొన్ని సీసాల మూతిలో ఉండే చిన్న గోళీ పనీ అదే. మద్యం బయటికి వస్తుంది కానీ లోపలికి పోయడం కష్టం.

మరి వీటిలో ఏది మేలు? సీసా నిజంగా వెనక్కి వెళ్లేట్టయితే, ఫ్యాక్టరీ దగ్గర్లోనే ఉంటే, మళ్లీ నింపే గాజుకు సాటి లేదు. దూరం పెరిగేకొద్దీ దాని బరువే దానికి శత్రువు, లారీ మోసేది సగం గాజే అవుతుంది. అప్పుడు తేలికపాటి పెట్ కొంత నయం. నా లెక్కలో అన్నిటికన్నా వెనకబడేది ఒక్కసారి వాడి పారేసే గాజు సీసా. చూడ్డానికి శుభ్రంగా, పర్యావరణానికి మంచిదిలా కనిపిస్తుంది. కానీ గాజు కరగాలంటే కొలిమి సుమారు 1500 డిగ్రీలు మండాలి. అంత మంటా ఒక్క పూట తాగడం కోసమే.

ఇంట్లో నీళ్లకు మాత్రం వెడల్పు మూతి స్టీల్ బాటిలే నా ఓటు. పెట్ బాటిల్‌లో ఒకటి రెండు సార్లు మంచినీళ్లు పట్టుకున్నంత మాత్రాన భయపడక్కర్లేదు. చాలామంది భయపడే బీపీఏ అనే రసాయనం అసలు పెట్‌లో వాడరు. అసలు చిక్కు శుభ్రం దగ్గర. బాటిల్ తలకిందులు చేసి అడుగు చూడండి, ఐదు కాళ్లలా ఉబ్బి ఉంటుంది. ఆ సందుల్లోకి, అంత సన్నటి మూతిలోంచి ఏ బ్రష్షూ సరిగా చేరదు. నోటితో కరిచి తాగుతాం కాబట్టి నాలుగు రోజుల్లో వేలికి జిగురు తగులుతుంది. వేడినీళ్లు పోసి కడుగుదామంటే వంకర పోతుంది. స్టీల్ బాటిల్‌లో చెయ్యి పెట్టి తోమొచ్చు, మరిగే నీళ్లు పోయొచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. తాగే బాటిల్‌లో ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్ పోసి పెట్టకండి. పిల్లలు చూసేది బాటిల్ ఆకారాన్ని, దాని మీది రాతను కాదు. ఇంట్లో ఇప్పటికే అలాంటిది ఉంటే, దాన్ని ఈ రోజే తాళం వేసే అరలోకి మార్చండి. అయిపోగానే ఆ బాటిల్ నలిపి పారేయండి.